తొక్కి చూడని సైకిల్

నాకు కోపం ఎక్కువ. పురానాపూల్ దర్వాజా దగ్గర ఖయ్యూం మిస్త్రీ ఎలాంటివాడని ఎవరినడిగినా ముందు ఆ సంగతే చెబుతారు, తర్వాత పని సంగతి చెబుతారు. ముప్పై ఎనిమిదేళ్ళుగా సైకిళ్ళు బాగుచేస్తున్నాను. నా పనికి వంక పెట్టినవాడు లేడు. పెట్టబోయినవాళ్ళు నా నోటికి జడిసి ఊరుకున్నారు. మొన్న మొన్నటిదాకా ఇది గొప్పగా చెప్పుకునేవాణ్ణి. వాళ్ళను పెట్టనిచ్చి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది.

మా అబ్బా దుకాణంలో ఒక కానూన్ పెట్టాడు. బాగుచేసిన ప్రతి సైకిల్‌నూ మిస్త్రీ తానే తొక్కి చూడాలి. కొత్త వంతెన మీదుగా మూసీ దాటి అవతలి ఒడ్డుకు పోవాలి, కూరగాయలవాళ్ళు కూర్చునే పాత వంతెన, అదే పురానాపూల్ మీదుగా తిరిగి రావాలి. ఆ పాత వంతెన మీది గతుకులకు సైకిల్‌లో దాగిన లోపం ఏదైనా బయటపడక తప్పదు. స్టాండు మీద చక్రం గిర్రున తిప్పి అంతా బాగుందనేవాణ్ణి అబ్బా మిస్త్రీ కిందే జమకట్టేవాడు కాదు. ఫోటో చూసి పెళ్ళి ఖాయం చేసుకునే రకం అనేవాడు. తొక్కి వచ్చాక గిరాకీతో ఒక్కటే మాట, "తొక్కి చూసిన." ఆ మాట చెప్పామంటే పూచీ మాదన్నట్టు. అబ్బా పోయి ఇరవై ఏళ్ళయినా జనం ఆ మాట విని గాని సైకిల్ ఎక్కరు. విన్నాక ఇంకేమీ అడగరు.

జియాగూడలో బాలనర్సింహకు బర్రెల పాక ఉంది. మా ఇంటికి పాలు పోసేది అతనే, అంతకు ముందు వాళ్ళ నాయన పోసేవాడు. అతని కూతురు తనూజకు ఇప్పుడు ఇరవై ఏళ్ళు. పదేళ్ళప్పుడే తండ్రి పాల సైకిల్ గొట్టం కిందినుంచి కాలు దూర్చి తొక్కుతూ నా దుకాణం ముందునుంచి పోయేది. గాలి కొట్టమని వచ్చినప్పుడల్లా పక్కన నిలబడి నా చేతులకేసి చూసేది. కాలేజీలో చేరాక రేసు సైకిళ్ళ పిచ్చి పట్టింది. కిందికి వంగిన హ్యాండిల్, వేలంత టైర్లు ఉంటాయే, ఆ సైకిళ్ళు. ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి మోజుపడి కొని నెల తొక్కి మూల పడేసిన బండి ఉందని తెలిసి, దాన్ని ఆమెకు ఇప్పించింది నేనే. అప్పటినుంచి ఆ బండికి మిస్త్రీనీ నేనే.

ఫిబ్రవరిలో ఒక గురువారం పొద్దున ఆ బండిని నడిపించుకుంటూ వచ్చింది. రాష్ట్ర జట్టు ఎంపిక పోటీ పన్నెండు రోజుల్లో ఉంది. అంతకుముందు ఆదివారం అనంతగిరి ఘాట్ రోడ్డులో సాధన చేస్తుంటే, దిగుడులో బండి వణికిందట. నిమ్మళంగా, ఒక్కో మాట కూడబలుక్కుని చెప్పింది.

"యాభై స్పీడు దాటంగనే ముందు చక్రం వణుకుతది చాచా. ముందుగాల జరంత ఉంటది, మల్ల హ్యాండిల్ మొత్తం అటు ఇటు కొట్టుకుంటది. రెండుమాట్ల అయింది. తప్పు బండిదా, నాదా, గదొక్కటి చెప్పు."

రెండుసార్లూ ఎలా ఆపావని అడిగాను. వాళ్ళ కోచ్ నేర్పాడట. భయపడి హ్యాండిల్ బిగించి పట్టుకుంటే వణుకు ఇంకా ఎక్కువవుతుంది, చేతులు వదులు చేయాలి. ఒక మోకాలును బండి పై గొట్టానికి ఆనించి నొక్కాలి. సీటు మీద బరువు తగ్గించి వెనక బ్రేకు మెల్లమెల్లగా పట్టుకోవాలి. అలాగే చేసింది, ఆగింది. కాని పోటీలో దిగుడు దగ్గర బ్రేకు పట్టేవాళ్ళు గెలవరు. తప్పు బండిదైతే బాగుచేయించుకుంటుంది. తనదైతే ఈ పన్నెండు రోజుల్లో తనే సరిచేసుకుంటుంది. ఆ పిల్ల నన్నడిగింది ఇంతే.

సాయంత్రం రమ్మని పంపాను. చక్రాలు విప్పి చూశాను, పుల్లలు సరిచేశాను, రిమ్ము వెంట్రుకవాసి కూడా వంకర లేకుండా చేశాను. ఆ తర్వాత ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు, హ్యాండిల్ కలిసే మెడ దగ్గర విప్పాను. అక్కడ లోపల చిన్న గిన్నెలాంటి దాంట్లో ఉక్కు గోళీలుంటాయి, మేము ఛర్రాలంటాం. మా పాత సైకిళ్ళలో అవి విడివిడిగా ఉంటాయి. గిన్నెలో గ్రీజు రాసి, ఒక్కొక్క ఛర్రా వేలితో అద్దుకుంటూ పోవడమే. నేను కళ్ళు మూసుకుని చేస్తాను ఆ పని. ఈ బండిలో మాత్రం ఛర్రాలన్నీ ఒక సన్నటి రేకు రింగులో గుచ్చి ఉంటాయి. విడి ఛర్రాలకు పైన, కింద అంటూ ఉండదు. రింగుకు ఉంటుంది. తీసేటప్పుడు అది ఎటు తిరిగి ఉందో చూసుకోవాలి. నేను చూసుకోలేదు. కడిగి, గ్రీజు పెట్టి, చేతికి ఎలా వస్తే అలా పెట్టి బిగించాను. హ్యాండిల్ కాస్త బిగువుగా తిరిగింది. మెడ గట్టిగా ఉంటే మంచిదేలే అనుకున్నాను. అనుమానమే రాలేదా అంటే, వచ్చింది. కోఠీలో ఆ బండ్లు అమ్మే పెద్ద దుకాణానికి ఫోను చేసి ఒక్క మాట అడిగితే చెప్పేవాళ్ళు. నిన్నగాక మొన్న స్పానర్ పట్టిన పిల్లలను ఖయ్యూం మిస్త్రీ అడగడమేమిటని ఊరుకున్నాను.

ఇక తొక్కి చూడటం ఒక్కటే మిగిలింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, చెప్పడానికి నోరు రావడం లేదు. ఈ బండి కొత్తగా వచ్చినప్పుడు ఒకసారి తొక్కాను. దాని మీద కూర్చుంటే తల కిందికి, నడుం పైకి పోతాయి. యాభై ఆరేళ్ళవాణ్ణి, పొట్ట ఉంది, ఒంటి మీద కుర్తా పైజామా. ఎదురుగా చాయ్ హోటల్ హమ్మాద్ నన్ను చూసి, "క్యా మియా, అండా దేరై క్యా?" అన్నాడు. హోటలంతా పగలబడి నవ్వింది. వారం రోజులపాటు నేను చాయ్‌కి పోతే చాలు, గుడ్డు పెట్టావా లేదా అని అడిగారు. ఊళ్ళో అందరినీ నేను ఏడిపిస్తాను గాని నన్నెవరైనా ఏడిపిస్తే ఓర్చుకోలేను. ఆ తర్వాత ఆ బండిని హోటలు తలుపులు తీయకముందే, పొద్దున్నే తొక్కి చూసి ఇస్తూ వచ్చాను.

ఆ గురువారం పని అయ్యేసరికి మధ్యాహ్నం నాలుగయింది. హోటలు ముందు కుర్చీలో మా వియ్యంకుడు షాహెద్ సాబ్ కూర్చుని ఉన్నాడు. మా యాస్మీన్‌ని వాళ్ళింటికిచ్చి ఆరు నెలలే అయింది. మనిషి మర్యాదస్తుడు, మాట తూచి మాట్లాడతాడు. ఆయన ముందు నేను నడుం పైకెత్తుకుని పోవడం, హమ్మాద్‌గాడు గుడ్డు మాట అనడం, ఆయన మర్యాద కోసం నవ్వాపుకోవడం, ఇదంతా నా కళ్ళకు కట్టింది. బండిని గల్లీ మలుపు దాకా నడిపించుకుంటూ పోయాను. అక్కడ గోడకు ఆనించి ఒక బీడీ కాల్చాను. వంతెన దాటి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు కదా, అంతసేపూ అక్కడే నిలబడ్డాను. తర్వాత మళ్ళీ నడిపించుకుంటూ వచ్చేశాను.

తనూజ చీకటి పడకముందే వచ్చింది. "తొక్కినవా చాచా?" అని కూడా అడగలేదు, నేనే చెప్పాను.

"తొక్కి చూసిన బిడ్డా. బండిల ఏం లేదు. భయం నీ చేతులల్ల ఉన్నది. అది ఇడిసిపెట్టు, వణుకు అదే పోతది."

అంతటితో ఆగానా అంటే లేదు. నిలబెట్టి ఇంకో పది నిమిషాలు నీతులు చెప్పాను. మా కాలంలో బ్రేకులు లేని బండ్ల మీద గోల్కొండ దిగేవాళ్ళమన్నాను, బండి మీద నమ్మకం లేనివాళ్ళకు రేసులెందుకన్నాను. అబద్ధం ఆడినవాడికి నోరు ఎక్కువ లేస్తుంది. ఆ పిల్ల తన అరచేతులు రెండూ తిప్పి చూసుకుని, సరే చాచా అని బండి తీసుకుని పోయింది.

మంగళవారం బాలనర్సింహ వచ్చాడు. వెనకాల ఆటోలో ఆ బండి ఉంది. ముందు చక్రం వంగిపోయింది, హ్యాండిల్‌కు చుట్టిన నల్ల పట్టీ చిరిగి వేలాడుతోంది. ఆదివారం ఘాట్ దిగుతూ మూడో మలుపు దగ్గర తనూజ పడిపోయిందట. ఎడమ భుజం దగ్గర కాలర్ బోన్ విరిగింది. ఆరు వారాలు చెయ్యి కదపకూడదన్నారు. ఎంపిక పోటీ సంగతి ఇక చెప్పనక్కరలేదు. ఎనక లారీ గిట్ల లేకపోవడం మన అదృష్టమని అతనే అన్నాడు.

స్టూలు మీద కూలబడ్డాను. నా ముఖం చూసి అతను ఏమనుకున్నాడో, నన్ను ఓదార్చడం మొదలుపెట్టాడు.

"నువ్వు ఫికర్ పడకు ఖయ్యూం భాయ్. నీ తప్పేం లేదు. నువ్వు తొక్కి చూసినవంట గద. బిడ్డనే చెప్పింది, నేనే భయపడ్డ బాపూ, నాతోని కాదు ఇది అని. బండి అమ్మిపెట్టమన్నది."

అప్పుడైనా చెప్పొచ్చు. దుకాణంలో మేమిద్దరమే ఉన్నాం. చెప్పకపోగా, నేనన్న మాట వినండి. ఈ కాలం పిల్లలకు జోరు ఎక్కువ నర్సన్నా, మనం చెబితే వింటారా అన్నాను. అతను అవునన్నట్టు తలూపి, నా భుజం తట్టి, పాలకు ఆలస్యమవుతుందని పోయాడు. తండ్రి దగ్గర కూతురి మీద చాడీ చెప్పి, ఆ తండ్రితోనే ఓదార్పు పొందినవాణ్ణి నేను. ఇంతకన్నా దిగజారడం ఎలాగో నాకు తెలియదు.

రెండు రోజులు ఆ బండిని ముట్టుకోలేదు. కొక్కేనికి తగిలించి దాని మీద గోనెపట్టా కప్పాను. గిరాకీల మీద అరిచాను, ఇంట్లో అరిచాను. కూరలో ఉప్పు లేదని కంచం తోసేస్తే, మా ఇంటావిడ నుజహత్ ఆ కూర తను రుచి చూసి, ఉప్పు సరిగ్గానే ఉంది, సరిగ్గా లేనిదేదో నీలో ఉంది, చెప్పు అంది. చెప్పాను. బీడీ సంగతి కూడా చెప్పాను. నేను తోసేసిన కంచం తీసి పక్కన పెట్టింది. తర్వాత, ఇది నాకు చెప్పి ఏం లాభం, నాకు ఎముక విరగలేదు కదా అంది.

శుక్రవారం పొద్దున గోనెపట్టా తీశాను. వంగిన చక్రం తీసి వేరే చక్రం వేసి, బండిని నేల మీద నిలబెట్టి, ముందు బ్రేకు పట్టి ముందుకూ వెనక్కూ ఊపాను. మెడ దగ్గర టక్ టక్ మంది. ఇంకేమీ చూడకుండానే అర్థమైపోయింది. విప్పితే రింగు తలకిందులుగా ఉంది. ఛర్రాలు కూర్చోవలసిన చోట రేకు కూర్చుంది. మొదట బిగువుగా అనిపించింది అందుకే. మూడు రోజులు తొక్కేసరికి ఆ రేకు అరిగి నలిగి మెడ మొత్తం వదులైంది. మొదటి ఆదివారం నాటి వణుకు రిమ్ము వంకరదో మరి దేనిదో నాకు తెలియదు, రెండోది మాత్రం నావల్లే. పాత వంతెన మీద ఒక్కసారి తొక్కి ఉంటే రేకు గీసుకునే చప్పుడు నాకు వినపడేది. మా అబ్బాకైతే వంతెన ఎక్కకముందే వినపడేది.

కొత్త రింగు తెప్పించి సరిగ్గా పెట్టాను. పావుగంట పని. పాత రింగును మూసీలోకి విసిరేస్తే ఈ సంగతి నాకూ నుజహత్‌కూ తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆ ఆలోచన రాలేదని అబద్ధమాడను. వచ్చింది, చాలాసేపు ఉంది కూడా. రింగు అరచేతిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. తర్వాత దాన్ని జేబులో వేసుకుని, అందరూ చూస్తుండగా బండి ఎక్కాను. హమ్మాద్ అనవలసింది అన్నాడు, హోటల్లో వాళ్ళు నవ్వవలసినంత నవ్వారు. నేను వంతెన మధ్యకు చేరేసరికి వాళ్ళు నన్ను మరిచిపోయి ఉంటారు. అర నిమిషం నవ్వు అది. దాన్ని తప్పించుకోవడానికి ఇరవై ఏళ్ళ పిల్ల ఎముక విరగ్గొట్టాను.

నమాజు అయ్యాక జియాగూడ నడిచి వెళ్ళాను. దారంతా మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను. ముందు నొప్పి ఎలా ఉందని అడగాలి, తర్వాత ఈ కొత్త రకం రింగుల గురించి ఎత్తుకోవాలి, ఇవి ఎవరికీ సరిగ్గా అర్థం కావని, కంపెనీవాళ్ళు గుర్తయినా పెట్టరని అనాలి. నా తప్పు చెప్పుకోవడానికి బయలుదేరినవాణ్ణి, వాళ్ళ గడప చేరేలోపు సగం తప్పు కంపెనీ నెత్తిన రుద్దేశాను.

తలుపు తీసింది తల్లి ఆండాలు. నన్ను చూసి సంతోషపడింది. పిల్ల నాలుగు రోజులుగా సరిగా తినడం లేదని, రేసు బూట్లు పక్కింటివాళ్ళకు ఇచ్చేసిందని, పెద్దవాడివి నువ్వైనా రెండు మాటలు చెప్పన్నా అని లోపలికి తీసుకుపోయింది. వరండాలో మంచం మీద తనూజ గోడకానుకుని కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి మెడకు కట్టిన జోలెలో ఉంది, చెంప మీద గీసుకుపోయిన చోట పెచ్చు కట్టింది. నన్ను చూసి లేవబోయింది.

"సారీ చాచా," అంది. "నువ్వు చెప్పినా నేను భయం ఇడువలే. బండి ఖరాబు చేసిన."

పేర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి.

"నేను తొక్కలే బిడ్డా," అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ఈసారి మొదటినుంచీ చెప్పాను. మా వియ్యంకుడు కూర్చుని ఉండటం, గుడ్డు మాట, గల్లీ మలుపు, బీడీ, అన్నీ. గుడ్డు మాట చెబుతున్నప్పుడు నా గొంతు నాకే ఎంత చవకగా వినిపించిందో చెప్పలేను. జేబులోంచి నలిగిన రింగు తీసి మంచం మీద పెట్టాను. ఇది తిరగేసి పెట్టింది నేను, తప్పు బండిదీ కాదు, నీదీ కాదు, నాది అన్నాను. ఆండాలు చాయ్ గ్లాసుతో వచ్చి, ఇవ్వకుండా అక్కడే నిలబడిపోయింది.

తనూజ రింగు చేతిలోకి తీసుకుని వేళ్ళ మధ్య తిప్పింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. నెమ్మదిగా, మొదటి రోజు దుకాణంలో చెప్పినట్టే, ఒక్కో మాట కూడబలుక్కుని చెప్పింది.

"ఆ దినం గూడ అన్ని సక్కగనే చేసిన చాచా. వణుకు మొదలుకాంగనే చేతులు వదులు చేసిన. మోకాలు ఆనించిన. ఎనక బ్రేక్ మెల్లగ పట్టిన. తగ్గుతుండె. ఇంక జరైతే ఆగుతుండె. గప్పుడు నీ మాట యాదికొచ్చింది. చాచా తొక్కి చూసిండు, బండిల ఏం లేదు, ఉన్నదంత నా చేతులల్లనే అని మస్తు సిగ్గయింది. గందుకే బ్రేక్ ఇడిసిపెట్టిన."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇన్ని రోజులూ నేను రింగు గురించే కుమిలిపోయాను. తప్పు చేయని మిస్త్రీ ఉండడు, రింగు తిరగేసి పెట్టడం పెద్ద పాపం కాదు. ఆ పిల్ల తన చేతుల మాట విని ఉంటే పడేది కాదు. వాటిని నమ్మొద్దని చెప్పింది నేను. సిగ్గు పడవలసింది గల్లీలో బీడీ కాల్చిన నేనైతే, ఆ సిగ్గు ఘాట్ దిగుడులో ఆమె పడింది. చచ్చిపోవాలనిపించిందని అంటారే, ఆ మాట ఎందుకంటారో అప్పుడు తెలిసింది.

వెనక పాకలోంచి బాలనర్సింహ వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడని నేను చూసుకోలేదు. ఎప్పుడొచ్చాడో తెలియదు గాని అంతా విన్నాడు. చేతిలో ఖాళీ బకెట్టు ఉంది.

"పాలల్ల నీళ్ళు కలుపుతవా అని నన్ను అడగని ఇల్లు లేదు ఖయ్యూం భాయ్," అన్నాడు. "మీ ఇంట్ల ఒక్కనాడు అడగలే. అందుకే నేను నిన్ను అడగలే, నిజంగ తొక్కినవా అని."

గట్టిగా కూడా అనలేదు. పాలు పిండే వేళ అయిందని మళ్ళీ పాకలోకి పోయాడు. ఆండాలు చాయ్ గ్లాసు నా ముందు పెట్టింది, నేను తాగలేకపోయాను.

నేను వెళ్ళడానికి లేచాక తనూజ అడిగింది, బండి అమ్మేశావా అని. లేదన్నాను.

"అమ్మకు. ఈడికి తే."

నాకు ఒక్కసారి ప్రాణం లేచి వచ్చింది. పట్టీ కొత్తది వేసి, మెడ మళ్ళీ విప్పి చూసి, కావాలంటే ఘాట్ దాకా వచ్చి నేనే తొక్కి మరీ ఇస్తానని, ఇక నా ఊపిరి ఉన్నంతకాలం ఆ బండి పని నాదేనని ఏదేదో అనబోయాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నువ్వు చెయ్యకు చాచా. రింగు ఎట్ల పెట్టాల్నో నాకు చూపెట్టు, చాలు. ఇగ ఒకల మాట మీద బండి ఎక్కనే ఎక్క."

మర్నాడు పొద్దున్నే బండి తీసుకుపోయాను. ఆమె చెప్పినట్టే మెడ విప్పి, రింగు బయటికి తీసి, కడిగి, గిన్నె, గ్రీజు, రింగు వరసగా వరండాలో పాత చీర మీద పెట్టాను. ఒకసారి ఎలా పెట్టాలో చూపించి, మళ్ళీ తీసేశాను. ఆండాలు ఫోర్కు పట్టుకుంది. తనూజ మంచం దిగి నేల మీద కూర్చుని, కుడిచేతి వేలితో గ్రీజు తీసి గిన్నె చుట్టూ రాసింది. రింగు పెట్టింది. తిరగేసి పెట్టింది. నేను నోరు తెరవబోతే, గ్రీజు చేతిని పైకెత్తి ఆగమంది.

వేలితో రింగును అటూ ఇటూ జరిపి చూసుకుంది. చెవి దగ్గరగా పెట్టి ఫోర్కును తిప్పి వింది. దాన్ని మళ్ళీ బయటికి తీసి, వెలుతురులో పట్టుకుని రెండు వైపులా చూసి, తిప్పి పెట్టింది. ఈసారి ఛర్రాలు గిన్నెలో సరిగ్గా కూర్చున్నాయి. పై మూత వేసి ఒంటిచేత్తో బిగించింది, కాస్త వదులు చేసింది, మళ్ళీ బిగించింది. తల్లిని ముందు బ్రేకు పట్టుకోమని, బండిని ముందుకూ వెనక్కూ ఊపి చూసింది. ఏ చప్పుడూ రాలేదు.

ఇదంతా అయ్యేదాకా నేను పక్కనే నిలబడి ఆమె చేతికేసి చూస్తూ ఉన్నాను. సరిగ్గా ఉందా అని ఆమె నన్ను అడగలేదు.